సిద్ధాంతం చాటున దాక్కోవద్దు

పల్నాడులో లూథరన్ ఇంట పుట్టి, పసితనంలోనే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం పొందిన అమ్మాయిని ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబానికి ఇస్తే, పెళ్ళికి ముందు ఆమెను మళ్ళీ నీళ్ళలో దిగమనే సంఘాలు ఇవాళ్టికీ ఉన్నాయి. దిగితేనే సభ్యత్వం, దిగితేనే ప్రభు భోజనం. పుట్టింట ఆమె పాడిన కీర్తనలే అత్తింటా పాడతారు, చదివిన బైబిలే అక్కడా చదువుతారు. ఆమె పొందిన బాప్తిస్మం మాత్రం లెక్కలోకి రాదు. ఆమెను కన్నవారి విశ్వాసాన్ని, ఆమెను ఎత్తుకుని ప్రార్థించిన అయ్యగారి పరిచర్యను, ఆ పరిచర్యను ఆమోదించిన సంఘం మొత్తాన్ని ఆ ఒక్క షరతు కొట్టిపారేస్తుంది. ఈ పనికి సిద్ధాంత నిష్ఠ అని పేరు పెట్టుకున్నాం.

సిద్ధాంతాల్లో తేడాలు ఉండగా విడిపోయిన క్రైస్తవ సంఘాలు మళ్ళీ ఒకటి కావచ్చా? కావచ్చు అనడంతో ఈ పత్రిక ఆగదు. కావాలి. త్రిత్వాన్ని ఒప్పుకుని, క్రీస్తును ప్రభువుగా ఒప్పుకుని, ఒకే లేఖనానికి తలవంచే ప్రొటెస్టెంటు సంఘాలు తెలుగు నేల మీద వేరువేరుగా ఉండటానికి చెప్పుకోదగ్గ సిద్ధాంత కారణం ఏదీ ఇప్పుడు మిగల్లేదు. మిగిలినవి పదవులు, ఆస్తులు, కులం. వాటిని వాటి పేర్లతో పిలవడానికి సిగ్గుపడి సిద్ధాంతం పేరు చెబుతున్నాం. రోమన్ కథోలిక సంఘంతో ఉన్న తేడాలు వేరే తరహావి. వాటి గురించి విడిగా చెప్పాలి, చెబుతాం.

ముందు ఈ చీలికలు మన ఇళ్ళలోకి ఎలా వచ్చాయో గుర్తుచేసుకోవాలి. లండన్ మిషనరీలు 1805లో విశాఖపట్నంలో దిగారు, తర్వాత కడపలో స్థిరపడ్డారు. ఇంగ్లండు ఆంగ్లికన్లు 1841లో మచిలీపట్నం చేరారు. మరుసటి ఏడాది జర్మన్ మూలాలున్న అమెరికా లూథరన్ హయ్యర్ గుంటూరు వచ్చారు. అమెరికా బాప్టిస్టులు నెల్లూరులోనూ ఆ తర్వాత ఒంగోలులోనూ, కెనడా బాప్టిస్టులు కాకినాడలోనూ, వెస్లియన్ మెథడిస్టులు మెదక్‌లోనూ పనిచేశారు. ఒకరి పొలంలో మరొకరు విత్తకూడదని వీళ్ళు తమలో తాము హద్దులు గీసుకున్నారు. ఆ గీతలు మంచి ఉద్దేశంతో గీసినవే. కానీ ఏ ఊరు ఏ గీతకు ఇవతల పడిందన్న దాన్నిబట్టే ఆ ఊరి క్రైస్తవుల సిద్ధాంతం తేలిపోయింది. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మహాకరువు దక్షిణ దేశాన్ని అప్పుడే తొక్కేసి పోయింది. ఆ కరువులో బకింగ్‌హాం కాలువ పనుల్లో కూలి ఇప్పించి, తమను మనుషులుగా చూసిన ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లఫ్ దగ్గరికి వాళ్ళు వచ్చారు. శిశు బాప్తిస్మమా, విశ్వాసి బాప్తిస్మమా అని తూచి రాలేదు. వాళ్ళ పల్లెలు గుంటూరు మిషన్ హద్దులో ఉండి ఉంటే వాళ్ళు అంతే నిజమైన విశ్వాసంతో లూథరన్లు అయి ఉండేవారు. వాళ్ళ విశ్వాసాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ విశ్వాసం హద్దుల కంటే పెద్దది కాబట్టే అంటున్నాం. ‘మీది ఏ మిషన్?’ అని ఇప్పటికీ ఒకరినొకరం అడుగుతున్నాం. మిషనరీలు వెళ్ళిపోయి తరాలు గడిచాయి.

ఈ అన్యాయాన్ని మనకంటే ముందే చూసినవారు ఉన్నారు. 1919 మే నెల మొదటి రెండు రోజుల్లో తమిళ తీరంలోని తరంగంబాడిలో 33 మంది బోధకులు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులు. ఈ చీలికలను మేము పుట్టించలేదు, ఇవి బయటినుంచి మా మీద పడినవి, వీటిని కొనసాగించే కోరిక మాకు లేదు అన్న అర్థంతో వాళ్ళు ఒక ప్రకటన విడుదల చేశారు. ఆ సమావేశానికి ప్రాణంలాంటివాడు దోర్నకల్ బిషప్ అజరయ్య. తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగువాళ్ళ మధ్య బతికినవాడు, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయినవాడు. సంఘాలు చీలి ఉండటం క్రైస్తవ దేశాల్లో బలహీనత మాత్రమే కావచ్చు, మా దేశంలో మాత్రం అది పాపం అని 1927లో లోసాన్‌లో ప్రపంచ సంఘనాయకుల ముందు ఆయన నిలబడి చెప్పాడు.

అజరయ్య జీవితం గురించి రాసినవారు ఒక సంగతి చెబుతారు. 1935లో యెవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించాక, ఇద్దరి మధ్య మాటలు నడిచాయి. మా జనం క్రైస్తవంలోకి వస్తే ఏ సంఘంలో చేరాలి, ఊరూరా వేర్వేరు సంఘాల్లో పడి మళ్ళీ చీలిపోవాలా అని అంబేద్కర్ అడిగాడట. అజరయ్య దగ్గర జవాబు లేదు. జీవితంలో అంత సిగ్గు ఎన్నడూ పడలేదని ఆయన తర్వాత చెప్పుకున్నాడట. ఆ ప్రశ్న అడిగిన మనిషి సిద్ధాంతం అడగలేదు. వెలివాడ నుంచి బయటపడిన మనిషికి మీరు ఒక్క ఇల్లు చూపించగలరా అని అడిగాడు. తొంభై ఏళ్ళు కావస్తోంది. ఇవాళ అడిగినా మన దగ్గర జవాబు లేదు.

అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. ఆయన కోరిన కలయికను చూడలేదు. 1947 సెప్టెంబర్ 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఒకటైన ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అందులో కలిశారు. ఈ కలయిక ఎంత పెద్దదో నేటి తరానికి తెలియదు, ఎవరూ చెప్పడం లేదు కూడా. ఇంగ్లండులో ఈ సంఘాల మధ్య దాదాపు మూడు వందల ఏళ్ళు వైరం నడిచింది. అపొస్తలుల నుంచి చేతులు మారుతూ వచ్చిన బిషప్ అధికారం లేకుండా సంఘమే లేదని ఒకరు, బిషప్‌లు అక్కర్లేదు, పెద్దల సభ చాలని ఒకరు, స్థానిక సంఘం మీద ఎవరికీ పెత్తనం లేదని మరొకరు వాదించుకున్నారు. జైళ్ళకు వెళ్ళారు, దేశాలు వదిలారు. ఆ తగాదా 1919 నుంచి 1947 దాకా దక్షిణాదిన ఓపిగ్గా కూర్చుని మాట్లాడుకున్న మనుషుల చేతుల్లో తీరింది.

ఎలా తీరిందో చూడాలి, ఎందుకంటే కలయికకు అడ్డుపడేవాళ్ళు ఆ పరిష్కారం వివరాల్లోకి వెళ్ళరు. బిషప్‌లు ఉంటారు, కానీ బిషప్ పదవికి ఫలానా అర్థమే చెప్పుకోవాలని ఎవరినీ బలవంతపెట్టరు. బిషప్ సంఘసభలతో కలిసి నడవాలి, సంఘ రాజ్యాంగానికి లోబడాలి. అప్పటికే వేరే పద్ధతిలో అభిషేకం పొందిన పాస్టర్లను మళ్ళీ అభిషేకించరు. వాళ్ళ పరిచర్య దేవుడు ఇచ్చిందేనని ఒప్పుకుంటారు. ఇకముందు అభిషేకాలన్నీ బిషప్‌ల చేతుల మీదుగా జరుగుతాయి. ఏ సంఘానికీ దాని మనస్సాక్షి ఒప్పని ఆరాధన క్రమాన్ని గానీ పాస్టర్‌ను గానీ రుద్దరు. ముప్ఫై ఏళ్ళ గడువు పెట్టుకుని, ఈలోగా రెండు పద్ధతులూ పక్కపక్కనే నడవనిచ్చారు. ఎవరూ తాము నమ్మినదాన్ని అబద్ధమని ఒప్పుకోలేదు. అవతలివాడిలో పనిచేసినవాడు కూడా అదే ఆత్మ అని మాత్రం ఒప్పుకున్నారు.

దాని మీద నిప్పులు కురిశాయి. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద కవుల్లో ఒకడైన టి.ఎస్. ఎలియట్, తాను ఆంగ్లికన్ కాబట్టి, ఈ పథకం కలపడం పేరుతో చేసే విధ్వంసమని 1943లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. 1948 లాంబెత్ సమావేశంలో ప్రపంచ ఆంగ్లికన్ బిషప్‌లు ఈ కొత్త సంఘపు అభిషేకాల విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఘ బిషప్‌లనే ఆంగ్లికన్ ప్రపంచం తనవాళ్ళుగా పక్కన కూర్చోబెట్టుకుంది. ఈ సంఘం 1950లో రూపొందించుకున్న ప్రభు భోజన క్రమం నుంచి పాశ్చాత్య సంఘాలు నేర్చుకున్నాయి. మెదక్‌లో మెథడిస్టు వారసుడు, దోర్నకల్‌లో ఆంగ్లికన్ వారసుడు, కడపలో లండన్ మిషన్ వారసుడు ఇవాళ ఒకే సినడ్‌లో కూర్చుంటున్నారు, తాతల నాటి తగాదా ఏమిటో కూడా వాళ్ళకు తెలియదు. విధ్వంసం జరగలేదు. ఎలియట్ గొప్ప కవి, ఈ విషయంలో పొరపడ్డాడు.

ఇప్పుడు గుంటూరు వైపు చూద్దాం. 1947లో లూథరన్లు బయటే ఉండిపోయారు. వాళ్ళ అభ్యంతరం తేలికైనది కాదు. సువార్తను ఎలా అర్థం చేసుకుంటున్నామో ముందు తేల్చుకోకుండా పాలనా వ్యవస్థను కలిపేయడం వాళ్ళకు తప్పుగా తోచింది. గౌరవించాల్సిన అభ్యంతరం అది. అందుకే 1948 నుంచి పదేళ్ళకు పైగా దక్షిణ ఇండియా సంఘం, లూథరన్ సంఘాలు వేదాంత చర్చలు జరిపాయి. ధర్మశాస్త్రం, సువార్త అన్న అంశం మీద, ప్రభు భోజనం మీద, ఇంకా లూథరన్లు ముఖ్యమనుకున్న సంగతుల మీద ఉమ్మడి ప్రకటనలకు వచ్చాయి. కలిసి బతకడానికి అడ్డొచ్చే సిద్ధాంత భేదం లేదని తేలింది. తర్వాత ఉమ్మడి సంఘం కోసం పథకం కూడా తయారైంది. అది అక్కడే ఆగిపోయింది. పరీక్ష రాసి, ఉత్తీర్ణులమయ్యామని తెలిసి, ఫలితాన్ని తీసుకోకుండా వదిలేశాం.

ఈ చీలిక మూలం ఎక్కడుందో తెలిసినవారికి ఇది మరీ బాధ కలిగించే విషయం. 1529లో మార్బర్గ్ కోటలో లూథర్, స్విస్ సంస్కర్త జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. 15 అంశాల్లో 14 మీద ఒప్పుకున్నారు. రొట్టెలో, ద్రాక్షారసంలో క్రీస్తు ఏ విధంగా ఉన్నాడన్న పదిహేనో అంశం దగ్గర విడిపోయారు. ఆ ఒక్క అంశం నాలుగు శతాబ్దాలకు పైగా ఐరోపాను చీల్చింది. 1973లో ఐరోపా లూథరన్లు, రిఫార్మ్‌డ్ సంఘాలవారు లోయెన్‌బర్గ్ ఒప్పందంతో ఒకే బల్ల దగ్గరికి వచ్చారు. గుంటూరు మిషన్‌ను నడిపిన అమెరికా లూథరన్ల వారసులు ఇప్పుడు ప్రెస్బిటేరియన్లతో, ఎపిస్కోపలియన్లతో, మెథడిస్టులతో పూర్తి సహవాసంలో ఉన్నారు. గొడవ పెట్టుకున్న ఇళ్ళవాళ్ళు రాజీపడి ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ గొడవను వారసత్వంగా తీసుకున్న మనం మాత్రం గుంటూరులో, గుడివాడలో, గుంతకల్లులో దాన్ని భద్రంగా కాపాడుతున్నాం. దీన్ని సమర్థించే వాదం ఏదైనా ఉంటే ఈ పత్రికకు వినిపించండి.

బాప్టిస్టుల విషయం ఇంతకంటే కష్టమైనది. బిషప్‌లు ఉండాలా వద్దా అన్నది పాలన గురించిన తగాదా. బాప్తిస్మం అలా కాదు, ఎవరు క్రైస్తవుడన్న ప్రశ్నకే అది తగులుతుంది. తానుగా నమ్మి, నోటితో ఒప్పుకుని నీళ్ళలో మునిగినదే బాప్తిస్మమని బాప్టిస్టు మనస్సాక్షి చెబుతుంది. ఆ మనస్సాక్షి కోసం ఐరోపాలో చాలామంది ప్రాణాలిచ్చారు. దాన్ని చులకన చేసేవారు కలయిక గురించి మాట్లాడే అర్హత కోల్పోతారు. అయితే ఈ ముడిని కూడా విప్పినవారు ఉన్నారు, దూరదేశాల్లో కాదు, నాగపూర్‌లో. 1970 నవంబర్ 29న అక్కడ పుట్టిన ఉత్తర ఇండియా సంఘంలో ఆంగ్లికన్లతో, ప్రెస్బిటేరియన్లతో పాటు బాప్టిస్టులు, బ్రదరన్, డిసైపుల్స్ కూడా కలిశారు. శిశు బాప్తిస్మం, విశ్వాసి బాప్తిస్మం రెండింటికీ ఆ సంఘంలో సమాన స్థానం ఇచ్చారు. బిడ్డను పసితనంలో బాప్తిస్మానికి తీసుకురావాలా, లేక దేవునికి ప్రతిష్ఠించి, పెరిగి తానుగా కోరేదాకా ఆగాలా అన్నది తల్లిదండ్రులు తేల్చుకుంటారు. బిడ్డలకు బాప్తిస్మం ఇవ్వడానికి మనస్సాక్షి ఒప్పని పాస్టర్‌ను బలవంతపెట్టరు. అర్ధశతాబ్దంగా అది నడుస్తోంది. ఇబ్బందులు లేకుండా నడవడం లేదు. కానీ నడుస్తోంది.

సత్యాన్ని బేరం పెట్టకూడదని కొందరు భక్తులు అంటారు. ఆ మాట నిజం, దానికి తలవంచుతాం. క్రీస్తు లేచాడా లేదా అన్న దాని మీద రాజీ లేదు. త్రిత్వం మీద రాజీ లేదు. వాటిని కాదనేవారితో కలయిక గురించి ఈ పత్రిక మాట్లాడటం లేదు. ఒక్కటే అడుగుతున్నాం. మీరు సత్యమని పట్టుకున్నది లేఖనం చెప్పినదా, లేక మీ ఊరు పడిన మిషన్ హద్దు చెప్పినదా? కొరింథులో నేను పౌలువాణ్ణని ఒకడు, అపొల్లోవాణ్ణని ఒకడు, కేఫావాణ్ణని ఒకడు చెప్పుకుంటుంటే పౌలు వాళ్ళ సిద్ధాంత నిష్ఠను మెచ్చుకోలేదు, మందలించాడు.

ఆత్మీయంగా అందరం ఒకటే, పైకి కనిపించే ఐక్యత అక్కర్లేదు అన్నది ఇంకో వాదన. ఇది అన్నిటికంటే సుఖమైనది, ఎవరి దగ్గరా ఏమీ అడగదు. సిలువకు ముందు రాత్రి ప్రభువు చేసిన ప్రార్థన యోహాను సువార్త 17వ అధ్యాయంలో ఉంది. తనవారు ఒక్కటిగా ఉండటం చూసి లోకం నమ్మాలని ఆయన కోరాడు. కనబడని దాన్ని చూసి లోకం ఎలా నమ్ముతుంది? క్రిస్మస్‌కు ఉమ్మడి ర్యాలీ తీసి, ముఖ్యమంత్రి విందులో ఒకే వరుసలో కూర్చుని, ఆదివారం నాడు ఒకరి బల్ల దగ్గరికి మరొకరిని రానివ్వని ఐక్యత ఆ ప్రార్థనకు జవాబు కాజాలదు.

ఇక అసలు అడ్డంకుల దగ్గరికి వద్దాం. మొదటిది పదవి. రెండు సంఘాలు కలిస్తే ఇద్దరు బిషప్‌లలో ఒకరు దిగాలి, ఇద్దరు ప్రెసిడెంట్లలో ఒకరు తప్పుకోవాలి, రెండు కమిటీల్లో సగంమంది ఇంటికి వెళ్ళాలి. రెండోది ఆస్తి. మిషనరీలు ఆసుపత్రుల కోసం, బడుల కోసం, కుష్ఠురోగుల కోసం కొన్న స్థలాలు ఇవాళ పట్టణాల నడిబొడ్డున ఉన్నాయి. వాటి మీద సంతకం పెట్టే అధికారం ఎవరిదన్న దాని కోసమే చాలా సంఘాల ఎన్నికలు జరుగుతున్నాయి. అవి ఒకచోట కాదు, ఒక సంఘంలో కాదు, ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలుగుతున్నాయి. సంఘాన్ని ఎవరు నడపాలో న్యాయమూర్తులు చెప్పాల్సిన స్థితికి తెచ్చుకున్నాం. ఈ కేసుల్లో ఏ ఒక్కదానిలోనైనా నీతిమంతులుగా తీర్చబడటం గురించి గానీ, ప్రభు భోజనం గురించి గానీ ఒక్క వాదన ఉందా?

మూడోది కులం. దీని గురించి మాట్లాడకుండా తెలుగు సంఘాల ఐక్యత గురించి రాసేవాళ్ళు పాఠకులను మోసం చేస్తున్నారు. చాలా పల్లెల్లో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి. రెండూ ఒకే మిషన్ కట్టినవి కావచ్చు, ఒకే డయాసిస్‌కు చెందినవి కావచ్చు. బిషప్ ఎన్నిక వస్తే ఎవరికి ఎన్ని ఓట్లన్న లెక్క ముందు కులం దగ్గర మొదలవుతుంది. అగ్రకులాల నుంచి వచ్చిన క్రైస్తవులు పెళ్ళి సంబంధాలకు కులం దాటరు, దాటనవసరం లేదని గుడి కూడా వాళ్ళకు గట్టిగా చెప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా నిరాకరించిందని, క్రైస్తవంలోకి వచ్చినా కులం వదలలేదని మనం ప్రభుత్వాన్ని నిలదీస్తాం. నిలదీయడం న్యాయమే, ఈ పత్రిక ఆ పోరాటంలో ఉంది. కానీ వదలని ఆ కులం మన గుడిలోనే కూర్చుని ఉందని ఒప్పుకోవడానికి ఎందుకు నోరు రాదు? ఆంగ్లికన్‌ను మెథడిస్టుతో కలిపిన సంఘం పక్క వాడలోని ఇద్దరు క్రైస్తవులను కలపలేకపోయింది. 1947 కలయిక మీద మోపదగిన నేరం ఇదే, ఎలియట్ మోపినది కాదు.

దీన్ని పట్టుకుని, కలిస్తే పెద్ద సంస్థ అవుతుంది, పెద్ద సంస్థలో పెద్ద అవినీతి వస్తుంది, విడిగా ఉండటమే మేలని కొందరు వాదిస్తారు. విడిగా ఉన్నవాటిలో ఏం జరుగుతోందో చూశాక ఆ వాదన నిలవదు. కలవకుండా మిగిలిన సంఘాల్లోనూ అవే ఎన్నికలు, అవే కేసులు. వాటికి తోడు గత మూడు నాలుగు దశాబ్దాల్లో పట్టణాల్లో వీధికొకటిగా స్వతంత్ర సంఘాలు లేచాయి. వాటిలో కొన్ని పేదవాడి కన్నీళ్ళను నిజంగా తుడిచాయి, పాత సంఘాలు వదిలేసినవారిని చేరదీశాయి. ఆ సేవను కాదనం. కానీ చాలావాటికి సిద్ధాంతమే లేదు, స్థాపకుడు ఉన్నాడు. ఆయన తర్వాత ఆయన కొడుకు. లెక్క అడిగే సభ లేదు, తప్పు చేస్తే నిలదీసే బిషప్ లేడు. చీలికకు సిద్ధాంతం అవసరం లేదని ఇవి రుజువు చేశాయి. మనిషి చాలు.

కలయికను కోరేవారు కూడా ఒక హెచ్చరిక వినాలి. సంతకాలతో సంఘాలు కలవవు. 1439 జూలైలో ఫ్లోరెన్స్‌లో రోము, కాన్‌స్టాంటినోపుల్ సంఘాలు ఒకటయ్యాయని ప్రకటించారు. ఒట్టోమన్ సైన్యం ముంచుకొస్తుంటే కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తికి పాశ్చాత్యుల సాయం కావాలి, అందుకు ఈ సంతకం. ఎఫెసు బిషప్ మార్కు సంతకం పెట్టలేదు. పెట్టినవాళ్ళు ఇంటికి వెళ్ళాక జనం వాళ్ళ ముఖం చూడలేదు. 1453లో నగరం పడిపోయింది, సరిపడా సాయం రాలేదు, కలయికా మిగల్లేదు. మన దగ్గర నంద్యాల ఉంది. 1947లో పైవాళ్ళు కలిసినా, నంద్యాల చుట్టుపక్కల ఆంగ్లికన్ క్రైస్తవుల్లో చాలామంది మేము రామన్నారు. తాము పెరిగిన ఆరాధన క్రమం పోతుందన్న భయం వాళ్ళది. వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు. కలకత్తా మెట్రోపాలిటన్ బిషప్ వాళ్ళను తన నీడలోకి తీసుకున్నాడు, 1963లో అది ప్రత్యేక డయాసిస్ అయింది. 1975లో, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, తమంతట తాముగా దక్షిణ ఇండియా సంఘంలోకి వచ్చారు. ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ 2013లో ఎక్కడ అభిషేకం పొందిందో తెలుసా? నంద్యాలలోనే. ఆమె ఎగ్గోని పుష్పలలిత. పాత పద్ధతి పోతుందని భయపడి గడప దాటనివారు, దాటాక అందరికంటే ముందు నడిచారు. ఓపిక పట్టడం అంటే ఇది. పనిని అటకెక్కించి దానికి ఓపిక అని పేరు పెట్టడం వేరు.

రోము విషయం. ఇక్కడ ఈ పత్రిక తొందరపడదు. 1964లో వాటికన్ మహాసభ విడిపోయిన సోదరులని మనల్ని పిలిచింది. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో, లూథర్ తిరుగుబాటుకు మూలమైన విశ్వాసం వల్ల నీతిమంతులవడం అన్న అంశం మీదే కథోలికులు, లూథరన్లు ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. మెథడిస్టులు 2006లో అందులో చేరారు. ఇవి చిన్న సంగతులు కావు, మన ప్రొటెస్టెంటు బోధకుల్లో చాలామందికి ఇవి తెలియనే తెలియవు, తెలిసినవారు వేదిక మీద చెప్పరు. అయినా పోపు అధికారం, 1870లో ప్రకటించిన ఆయన దోషరహితత్వం, ఆంగ్లికన్ అభిషేకాలు చెల్లవన్న 1896 నిర్ణయం, మరియమాత గురించిన సిద్ధాంతాలు నిజమైన తేడాలు. వాటిని లేనట్టు నటించి కలిస్తే అది ఇంకో ఫ్లోరెన్స్ అవుతుంది. అక్కడ చేయాల్సింది అబద్ధాలు మానడం. ఆర్సీఎం వాళ్ళు విగ్రహారాధకులని మన పిల్లలకు సండే స్కూల్లో నేర్పడం ఆపాలి. మనది సంఘమే కాదని వాళ్ళ పిల్లలకు నేర్పడం వాళ్ళు ఆపాలి. ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు ఒప్పుకోవాలి. బల్ల దగ్గర కలవలేని చోట కూడా బడిలో, ఆసుపత్రిలో, అన్యాయానికి ఎదురునిలిచే వీధిలో కలవవచ్చు.

తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. వాళ్ళ ముందు ఉన్న పని స్పష్టం. హైదరాబాద్‌లో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారింది. లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, సీఎస్‌ఐ అభ్యర్థులు అక్కడ ఒకే గురువు దగ్గర ఒకే వేదాంతం చదువుతారు, ఒకే మెస్‌లో తింటారు. పట్టా తీసుకుని బయటికి రాగానే ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు ఒప్పుకోని సంఘాలకు పాస్టర్లవుతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎప్పుడో కలిసిపోయింది. బాప్టిస్టు బోధకుడు పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తన పాడకుండా ఏ లూథరన్ సంఘానికి, ఏ సీఎస్‌ఐ సంఘానికి ఏడాది గడుస్తుంది? పాటలో కలిసిన సంఘం పరిపాలనలో ఎందుకు కలవదో చెప్పాల్సిన బాధ్యత పాలకులది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. లూథరన్ సంఘం, దక్షిణ ఇండియా సంఘం అటకెక్కించిన ఒప్పందాలను బయటికి తీసి, తెలుగులో అచ్చు వేసి, ప్రతి పాస్టరేట్‌కూ పంపాలి. అవి ఏం ఒప్పుకున్నాయో సభ్యులు చదవాలి. ఒకరి బల్ల దగ్గరికి ఒకరు నిస్సంకోచంగా రావచ్చన్న తీర్మానాన్ని రెండు సంఘాలూ తమ రాబోయే మహాసభలోనే చేయాలి, దానికి ఒక్క ఎకరం చేతులు మారనవసరం లేదు. బాప్టిస్టు కన్వెన్షన్లు నాగపూర్ ఒప్పందాన్ని తమ ముందు పెట్టుకుని చర్చించాలి, కనీసం పెళ్ళయి వచ్చిన కోడలిని మళ్ళీ ముంచడం ఆపాలి. ఆస్తులు కలిపే ముందు ప్రతి సంఘమూ తన భూముల జాబితా, లెక్కలు సభ్యుల ముందు పెట్టాలి. పెట్టని సంఘంతో కలవడానికి మరో సంఘం నిరాకరిస్తే ఈ పత్రిక దాన్ని సమర్థిస్తుంది. అన్నిటికంటే ముందు, ఒకే ఊళ్ళో రెండు వాడలకు రెండు గుళ్ళున్న ప్రతిచోటా నెలకు ఒక ఆదివారమైనా ఒకే గుడిలో, ఒకే గిన్నెలో ప్రభు భోజనం జరగాలి. బిషప్‌లు స్వయంగా వెళ్ళి దాన్ని జరిపించాలి. ఇది చేయలేని బిషప్‌కు సంఘాల కలయిక గురించి జెనీవాలో గానీ, మరెక్కడైనా గానీ ప్రసంగించే హక్కు లేదు.

ఇవి మహాసభల్లో ఆగిపోతే సంఘ సభ్యులు ఆగనవసరం లేదు. కానుకలు వాళ్ళవి, ఓట్లు వాళ్ళవి, పెళ్ళి చేసుకునేది వాళ్ళ పిల్లలు. రాబోయే పాస్టరేట్ కమిటీ ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థినీ ఒక్క ప్రశ్న అడగండి. పక్క సంఘపు విశ్వాసి మన బల్ల దగ్గరికి వస్తే రొట్టె ఇవ్వనిస్తావా? ఇవ్వను అన్నవాడు ఏ లేఖనం ప్రకారం ఇవ్వడో ఆ సభలోనే నిలబడి చెప్పాలి. చెప్పలేకపోతే అతనికి ఓటు వేయకండి.